జీర్ణ యంత్రోద్ధరణ

మన శాసనాలతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారికి కూడ 'ఖండస్ఫుటిత జీర్ణోద్ధరణ' అనే సమాసం ఎక్కడో ఒకచోట తారసపడే ఉంటుంది. దేవాలయానికి భూమి దానం చేసిన రాజు గాని, సామంతుడు గాని, ఆ భూమిమీద వచ్చే ఫలసాయాన్ని దేనికి వెచ్చించాలో చెప్పేటప్పుడు, నిత్యనైవేద్యానికీ అఖండదీపానికీ తోడుగా విరిగిన దానిని, పగిలిన దానిని బాగుచేయించడానికి అని కూడ చేర్పించేవాడు. కట్టిననాడే అది ఒకనాటికి బీటలు వారుతుందని గ్రహించి, ఆ బీటకు ముందుగానే పొలం రాసి ఉంచారన్నమాట. చెరువుల విషయమూ అంతే. సప్తసంతానాలలో తటాకం ఒకటి. అయినా కొత్త చెరువు తవ్వించడం కంటె పాత చెరువు గండి పూడ్పించడమే ఎక్కువ పుణ్యమని మా పెద్దలు అంటూండేవారు.

మన బల్లలమీద కొన్నేళ్లు కొలువుండి, పిదప అటకలమీదికో మెట్ల కిందికో చేరిన డెస్కుటాపు కంప్యూటర్లకు ఇటువంటి పొలం ఎవరూ రాసి పెట్టలేదు. అయినా వాటిని ఉద్ధరించిన వారు ఉన్నారు. ఆ ఉద్ధరణకూ ముప్ఫై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. యంత్రాల చరిత్ర అనగానే ఎవరు ఏది ముందు కనిపెట్టారు, ఎవరు ఎంత గడించారు అనే కథలే మనకు వినబడతాయి. పారవేసిన యంత్రాన్ని ఎత్తి తెచ్చిన వారి కథ అంతగా వినబడదు. అది కూడ చెప్పుకోదగినదే అని నా అభిప్రాయం.

మొదట 'జీర్ణం' అనే మాట సంగతి చూద్దాం. ఈ శబ్దానికి మూలమైన ధాతువుకు వయస్సు ఉడుగుట అని అర్థం. తిన్న అన్నం అరిగినా జీర్ణమే, గుడి గోడ ఒరిగినా జీర్ణమే. రెండు చోట్లా వస్తువు తన రూపం తాను కోల్పోతుంది. కంప్యూటరు ముసలితనం మాత్రం ఈ అర్థానికి లొంగదు. పదేళ్లనాటి యంత్రం మూత తీసి చూడండి. పంకా రెక్కలకు దుమ్ము పట్టి ఉంటుంది, హార్డ్ డిస్కు కొంత గరగరలాడుతుందేమో. లెక్క చేసే చిప్పు మాత్రం కొన్ననాడు ఎంత వేగంగా కూడేదో నేడూ అంతే వేగంగా కూడుతుంది. దాని శక్తి ఉడగలేదు. మనం నెత్తిన పెట్టే బరువు పెరిగింది.

ఆ బరువు ఎంత పెరిగిందో లెక్కలే చెబుతాయి. 1995లో వచ్చిన విండోస్ 95 నడవడానికి కనీసం 4 మెగాబైట్ల ర్యామ్ చాలునన్నారు. 2001లో విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్లు కావలసి వచ్చింది. 2007 నాటి విస్టాకు 512. 2021లో వచ్చిన విండోస్ 11కు 4 గిగాబైట్లు, అంటే 4,096 మెగాబైట్లు. ఇరవై ఆరేళ్లలో వెయ్యిన్ని ఇరవై నాలుగు రెట్లు! ఉత్తరం టైపు చేసుకొనేవాడు మాత్రం ఆనాడు నిమిషానికి ఎన్ని మాటలు కొట్టేవాడో ఈనాడూ అన్నే కొడుతున్నాడు. 'పాత ఒక రోత, కొత్త ఒక వింత' అనే సామెత పుట్టిననాడు ఈ వ్యాపారం లేదు గాని, ఈ వ్యాపారానికి అంతకంటె మంచి సామెత దొరకదు.

ఉద్ధరణలో మొదటి మార్గం దానం. కార్యాలయాలకు పనికిరాని కంప్యూటరు బడి పిల్లలకు పనికివస్తుంది కదా అనే ఆలోచన. 1993లో కెనడా ప్రభుత్వం, అక్కడి టెలిఫోను ఉద్యోగుల స్వచ్ఛంద సంఘమూ కలిసి పాఠశాలలకు కంప్యూటర్లు అనే పథకం మొదలుపెట్టాయి. కార్యాలయాలు తీసివేసిన యంత్రాలను సేకరించి, బాగుచేసి, బడులకూ గ్రంథాలయాలకూ పంపడం దాని పని. 1995లో బ్రెజిల్ దేశంలో రోడ్రిగో బాజియో అనే యువకుడు రియో డి జనీరోలోని శాంటా మార్టా అనే కొండవాలు మురికివాడలో పాత కంప్యూటర్లతో ఒక బడి తెరిచాడు. యంత్రాలను ఇచ్చి చేతులు దులుపుకోకుండా, ఆ వాడలోని వారికే వాటిని నడపడమూ నేర్పడమూ అలవాటు చేయడం ఆయన పద్ధతి. ఆ పద్ధతిలో బడులు తరువాత అనేక దేశాలకు వ్యాపించాయి.

అయితే దానమనేది ఎంత గొప్ప మాటో అంత ప్రమాదకరమైన మాట కూడ. కఠోపనిషత్తు కథ ఎట్లా మొదలవుతుందో చదువరులకు తెలిసినదే. వాజశ్రవసుడు సర్వస్వమూ దానం చేసే యాగం చేస్తూ, ఇక మేత మేయలేని, నీళ్లు తాగలేని, పాలివ్వలేని గోవులను దానంగా ఇస్తుంటాడు. చూస్తున్న పసివాడు నచికేతునికి మనస్సు కలుక్కుమంటుంది. దానం పుచ్చుకొన్నవాడికి ఆ ఆవు ఉపకారమా, బరువా అన్నది అతని సందేహం. యముడితో సంవాదమూ ఆత్మవిద్యా ఆ పిమ్మటి సంగతులు. కథకు బీజం మాత్రం వట్టిపోయిన ఆవులే.

2002లో బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ మొదలైన సంస్థలు వెలువరించిన ఒక నివేదిక ఈ ఆవుల కథనే మరో రూపంలో చెప్పింది. అమెరికాలో పునర్వినియోగం పేరుతో పోగైన పాత కంప్యూటర్లు ఓడలకెక్కి ఆసియా దేశాలకు వస్తున్నాయని, చైనాలోని గుయ్యూ అనే ఊళ్లో వాటి తీగలను ఆరుబయట తగలబెట్టి రాగి తీస్తున్నారని, చిప్పులను ఆమ్లంలో ముంచి బంగారం రాబడుతున్నారని, మిగిలిన మడ్డిని ఏటి ఒడ్డున పారబోస్తున్నారని అది బయటపెట్టింది. ప్రమాదకరమైన వ్యర్థాలను దేశాలు దాటించడాన్ని నియంత్రించే బాసెల్ ఒడంబడిక అప్పటికే ఉన్నది. 1989లో కుదిరి 1992లో అమలులోకి వచ్చింది. అమెరికా దానిమీద సంతకమైతే చేసింది గాని నేటికీ ధ్రువీకరించలేదు. ఘనా దేశంలోని అగ్‌బోగ్‌బ్లోషీ, మన ఢిల్లీలోని సీలంపూరు కూడ ఇటువంటి పనికే పేరుపడ్డాయి. మనం పాత సామాన్లవాడికి తూకం వేసి అమ్మిన డబ్బా చివరికి ఏ ఇరుకు సందులో, ఎవరి పిల్లల చేతుల్లో విచ్చుకొంటుందో మనకు కనబడదు. సీసం కలిసిన పాత గాజు తెర పగిలేది ఆ సందులోనే.

కనుక ఇచ్చినంత మాత్రాన ఉద్ధరణ కాదు. ఆ యంత్రానికి తగిన పనిని వెదకి పెట్టాలి. ఇది అందరికంటె చక్కగా చేసి చూపినవారు అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు. వారి కథ కొంచెం వివరంగానే చెప్పాలి.

ఓక్ రిడ్జ్ అంటే రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అణుబాంబు కోసం యురేనియం శుద్ధిచేసిన ఊరు. 1996 ప్రాంతంలో అక్కడ విలియం హార్‌గ్రోవ్, ఫారెస్ట్ హాఫ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు ఒక పటం గీయవలసిన పని పడింది. ఆ దేశపు ప్రధాన భూభాగాన్ని చదరపు కిలోమీటరు చొప్పున ముక్కలు చేస్తే దాదాపు 78 లక్షల గళ్లు వస్తాయి. ఒక్కొక్క గడికి ఉష్ణోగ్రత, వర్షపాతం, నేల స్వభావం మొదలైన 25 లక్షణాలు. ఏ గడి ఏ గడిని పోలి ఉన్నదో లెక్కగట్టి, ఒకే తీరు ప్రకృతి గల ప్రాంతాలను విడదీయాలి. ఒక్క కంప్యూటరు వల్ల అయ్యే పని కాదు. 64 కొత్త కంప్యూటర్లు కొని కలుపుకొంటామని, 64,000 డాలర్లు చాలునని అడిగారు. డబ్బు మంజూరు కాలేదు.

కంప్యూటర్లను జతకలిపి ఒకే పనికి పూన్చే పద్ధతి అప్పటికి కొత్తగా పుట్టి ఉన్నది. 1994లో నాసావారి గాడర్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనేవారు 486 తరగతి చిప్పులున్న 16 మామూలు కంప్యూటర్లను లినక్సుతో కలిపి నడిపించారు. దానికి బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. బేవుల్ఫ్ ప్రాచీనాంగ్ల వీరకావ్య నాయకుడు. అతడి పిడికిలికి ముప్ఫైమంది బలమట. మన భీముడి బలం పదివేల ఏనుగులతో సమానం కదా, లెక్కల్లో మన కవులే ఉదారులు.

డబ్బు రాకపోయినా ఈ ఇద్దరూ ఊరుకోలేదు. వారి ప్రయోగశాలలోనూ, పక్కనే ఉన్న పాత అణుకర్మాగారాలలోనూ కొత్త పెంటియం యంత్రాలు వచ్చి, 486 యంత్రాలు మూలపడుతున్నాయి. వాటిని అడిగి తెచ్చుకొన్నారు. కిటికీలు లేని ఒక గదిలో పేర్చుకొన్నారు. ఒకదాని జ్ఞాపకశక్తి తీసి మరొకదానికి, ఇంకొకదాని డిస్కు తీసి వేరొకదానికి అమర్చుకొంటూ పోతే, సగటున ఐదు డబ్బాలు విప్పితే రెండు మంచి యంత్రాలు తేలేవట. 1997 ఆరంభానికి పని మొదలైంది. 2001 నాటికి ఆ గదిలో 133 యంత్రాలు ఒక్కటిగా పనిచేస్తున్నాయి: 486లు 75, పెంటియంలు 53, ఆల్ఫా అనే జాతివి 5. అడిగిన పటం తయారైంది.

దానికి వారు పెట్టుకొన్న పేరు 'స్టోన్ సూపర్ కంప్యూటర్'. సూపర్ అనే మాటలో వారి భాషలో పులుసుకు చెప్పే 'సూప్' అనే మాటను ఇరికించి చేసిన శ్లేష అది. ఆ పేరు వెనుక ఐరోపాలో ప్రచారంలో ఉన్న ఒక జానపద కథ ఉన్నది. ఆకలిగొన్న బాటసారులు ఒక ఊరికి వస్తారు. ఎవ్వరూ పిడికెడు గింజలు పెట్టరు. వారు నడివీధిలో పొయ్యి పెట్టి, కుండలో నీళ్లు పోసి, అందులో ఒక రాయి వేసి రాతిపులుసు కాస్తున్నామంటారు. వింత చూడవచ్చిన వారిలో ఒకరు ఉల్లిపాయ తెస్తే ఇంకా రుచిగా ఉంటుందేమో అంటారు, మరొకరు దుంప, వేరొకరు ఉప్పు తెస్తారు. చివరకు ఊరంతటికీ పులుసు తయారు. ఆ గదిలోని కుండలో పడినవన్నీ ఎవరో ఒకరు అక్కరలేదని ఇచ్చినవే.

నాకు, అంటే జీవితమంతా తరగతిగదిలో గడిపిన వాడికి, ఆ కథలో అన్నింటికంటె నచ్చినది వారు పని పంచిన తీరు. 133 యంత్రాల వేగమూ ఒక్కటి కాదు. అందరికీ సమానంగా పంచితే మందకొడి యంత్రం ముగించేదాకా చురుకైనవి చేతులు కట్టుకొని కూర్చోవాలి. వీరట్లా పంచలేదు. ఒక పెద్ద యంత్రం పనిని చిన్నచిన్న ముక్కలుగా చేసి తలా ఒకటి ఇస్తుంది. ముగించినది మళ్లీ వచ్చి మరొక ముక్క అడుగుతుంది. చురుకైనది పది ముక్కలు చేస్తే మందమైనది రెండే చేస్తుంది, కాని ఏదీ ఖాళీగా ఉండదు, ఏదీ అవమానపడదు. ఒకే గదిలో మూడు తరగతులు కూర్చోబెట్టుకొని పాఠం చెప్పిన ఏకోపాధ్యాయుడెవరైనా ఈ కిటుకును వెంటనే గుర్తుపడతాడు.

రెండవ రకపు ఉద్ధరణ దీనికి సరిగ్గా తలక్రిందులు. ఓక్ రిడ్జ్‌లో ముసలివి అనేకం కలిసి ఒక బలవంతుడి పని చేశాయి. ఇక్కడ ఒక బలవంతుడే అనేకమంది ముసలివారి బరువు మోస్తాడు. 1999లో జిమ్ మెక్విలన్ అనే ఆయన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టును లోకానికి విడుదల చేశారు. గదిలో ఒక్కటే మంచి కంప్యూటరు. చుట్టూ పాత డబ్బాలు, వాటిలో హార్డ్ డిస్కు సైతం అక్కరలేదు. మీట నొక్కగానే తీగగుండా పెద్ద యంత్రాన్ని పలకరించి, తనకు కావలసిన ప్రాణం దానినుండి పుచ్చుకొంటుంది. పిల్లవాడు కీబోర్డుమీద కొట్టిన అక్షరం పెద్ద యంత్రానికి పోతుంది, లెక్క అక్కడ జరుగుతుంది, బొమ్మ మాత్రం ఈ తెరమీదికి వస్తుంది. కనుక తెరా, కీబోర్డూ, తీగా బాగుంటే చాలు, 486 ముందు కూర్చున్నవాడికీ కొత్త కంప్యూటరు ముందు కూర్చున్నంత హాయి. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ ప్రాంతంలోని విద్యాశాఖవారు దీనిని బడులకు అనుకూలంగా మలచి ఇచ్చారు.

నిజానికి ఇది కొత్త ఊహ కాదు. 1960లు, 70లలో విశ్వవిద్యాలయాలలో ఒక పెద్ద యంత్రాన్ని పలువురు పంచుకొనేవారు. సొంత కంప్యూటరు వచ్చి ఆ పద్ధతిని చెరిపివేసింది. ఇరవై ఏళ్లకు అదే పద్ధతి పాత డబ్బాలను బతికించడానికి తిరిగి వచ్చింది. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి. మన వైపు కూడ దీని ఛాయ ఒకటి పడింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటర్లు అమర్చినప్పుడు, ఒక కంప్యూటరు శక్తిని పలు తెరలకు పంచే ఉపాయాన్నే వాడారు. అవి పాత యంత్రాలు కావు గనుక మన కథలోకి పూర్తిగా రావు. పంచుకొంటే తక్కువ ఖర్చుతో ఎక్కువమంది పిల్లలు కూర్చోవచ్చునన్న ఊహ మాత్రం ఒక్కటే.

ఈ పద్ధతిలో ఒక దోషం లేకపోలేదు. పెద్ద యంత్రం కునుకు తీస్తే గదిలోని తెరలన్నీ ఒక్కసారి నల్లబడతాయి. కరెంటు కోతలు ఎరిగిన మన ఊళ్లలో ఆ ఒక్కదానికైనా మంచి బ్యాటరీ పెట్టుకోవాలి. అయితే ఒక్కదానికి పెట్టుకొంటే చాలుననేది దీనిలోని సౌకర్యమే గదా అని వాదించేవారూ ఉన్నారు. చుట్టూ తెరలు ఆరిపోయాక పెద్ద యంత్రం ఒక్కటే మేలుకొని ఏం చేస్తుందో వారు చెప్పాలి.

మూడవది ద్వారపాలకత్వం. ఇంటర్‌నెట్ తీగకూ ఇంటిలోని యంత్రాలకూ నడుమ ఒక పాత కంప్యూటరును కాపలా పెట్టడం. 1990ల చివర వచ్చిన లినక్స్ రౌటర్ ప్రాజెక్టు ఈ పనికి కావలసినదంతా 1.44 మెగాబైట్ల ఫ్లాపీ ఒక్కదానిలో ఇమిడ్చింది. 2000లో ఇంగ్లండులో స్మూత్‌వాల్ వచ్చింది. నేడు వందల్లో దొరికే చిన్న రౌటరు పెట్టె ఇదే పనిని పదో వంతు కరెంటుతో చేస్తున్నది కనుక ఈ అధ్యాయం ముగిసినట్టే లెక్క. ముగిసిన దానిని పట్టుకొని వేలాడనక్కరలేదు. ఉద్ధరణ పేరుతో ఇరవై నాలుగు గంటలూ కరెంటు తాగే యంత్రాన్ని మోయడం పొదుపు కాదు.

ఇంకా చిత్రమైన ఉపయోగాలు ఉన్నాయి. 1992లో ఆండీ ఇనాట్కో అనే రచయిత పాత మాకింటాష్ డబ్బాను ఖాళీ చేసి, గాజు తొట్టె అమర్చి, తెర ఉండవలసిన చోట చేపలు ఈదేటట్లు చేసే విధానాన్ని రాసి ప్రచారం చేశాడు. దానిపేరు 'మాక్వేరియం'. చిప్పు లేని కంప్యూటరును కంప్యూటరు అనవచ్చునా అనేది తార్కికులు తేల్చవలసిన విషయం. చేపలకు అభ్యంతరం ఉన్నట్టు లేదు.

తెలుగు సంగతికి వస్తాను. 1980ల చివర మన కార్యాలయాలకు వచ్చిన డాస్ కంప్యూటర్లకు రోమన్ లిపి తప్ప మరొకటి తెలియదు. సీడాక్ సంస్థ తయారుచేసిన జిస్ట్ కార్డును ఆ డబ్బాలో గుచ్చితే, అదే యంత్రం తెలుగుతో సహా భారతీయ లిపులను తెరమీద చూపేది. యంత్రం మార్చకుండా దానికి కొత్త భాష నేర్పిన పని అది. దీనిని నేను జీర్ణోద్ధరణలోనే లెక్కవేస్తాను, ఎవరైనా కాదంటే వాదించను. యూనికోడ్ తెలుగు వచ్చాక పరిస్థితి తిరగబడింది. అది సరిగ్గా కనబడాలంటే విండోస్ ఎక్స్‌పీ, అందులోని గౌతమి ఖతి కావలసి వచ్చాయి. ఎక్స్‌పీ మోయలేని యంత్రం ఎక్కువమంది ఇళ్లలో తెలుగుకు మూగదైపోయింది. ఆ రోజుల్లో ఒత్తులు విడిపోయి, గుణింతాలు చెల్లాచెదరై, గళ్లు గళ్లుగా కనబడిన మన భాషను ఎందరు చూశారో! తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన ఖతులను ఉచితంగా ఇచ్చి చాలామంది తెరలను మాట్లాడించారు. 2005లో హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థవారు లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి పూనుకొన్నారు. మెనూలు, ఆజ్ఞలు తెలుగులో ఉన్న ఒక ఆపరేటింగ్ సిస్టమును పైకం చెల్లించకుండా, ఎవరినీ అడగకుండా ఎన్ని యంత్రాలలోనైనా ఎక్కించుకోవచ్చు. పాత కంప్యూటరుకు ఇది రెండింతల మేలు. కొత్త విండోస్ వెల పాత డబ్బా వెలను మించిపోయే చోట, వెల లేని సాఫ్టువేరే దాని ఆయుస్సు.

యంత్రాన్ని ఇవ్వడం, దానికి పని వెదకడం, ఈ రెండూ అయ్యాక మూడవది మిగిలింది: మూత విప్పగలిగిన మనిషి. 2000 ఏప్రిల్‌లో పోర్ట్‌లాండ్‌లోనే మొదలైన ఫ్రీ గీక్ అనే సంస్థ ఈ సంగతిని పట్టుకొన్నది. అక్కడికి వచ్చి 24 గంటలు శ్రమదానం చేసినవారికి ఒక కంప్యూటరు ఇచ్చేవారు. మరొక పద్ధతి నాకు ఇంకా నచ్చింది. విడిభాగాలనుండి యంత్రాన్ని కూర్చడం నేర్చుకొని, ఐదు యంత్రాలు కూర్చి సంస్థకు అప్పగించినవాడు ఆరవదానిని ఇంటికి పట్టుకుపోవచ్చు. ఆ ఆరవ యంత్రం పాడైతే అతడు ఎవరికోసమూ ఎదురుచూడనక్కరలేదు. వాజశ్రవసుడి గోదానానికీ దీనికీ ఉన్న భేదం ఇక్కడే ఉన్నది.

ఇంత శ్రమ అవసరమా, కొత్తది కొంటే పోదా అని అడిగేవారికి ఒక లెక్క. ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం పక్షాన 2003లో రూడిగర్ క్యూర్, ఎరిక్ విలియమ్స్ సంపాదకులుగా ఒక గ్రంథం వచ్చింది. 17 అంగుళాల గాజు తెరతో కూడిన ఒక్క డెస్కుటాపు తయారు కావడానికి 240 కిలోల ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1,500 కిలోల నీరు ఖర్చవుతాయని అందులో లెక్కగట్టారు. దాదాపు 1.8 టన్నులు. విలియమ్స్ మరుసటి ఏడు చేసిన అంచనా ప్రకారం, కంప్యూటరు జీవితకాలంలో వెచ్చించే శక్తిలో 81 శాతం అది మన ఇంటికి చేరకముందే ఖర్చైపోతుంది. రిఫ్రిజిరేటరు వంటివాటిలో వాడకంలోనే ఎక్కువ శక్తి పోతుంది గనుక పాతది తీసి కొత్తది పెడితే కొంత లాభం. కంప్యూటరు అట్లా కాదు. మూడేళ్లకు పారవేసేదానిని ఆరేళ్లు వాడితే ఆ 1.8 టన్నులలో సగం మిగిలినట్టు. ఈనాటి పలుచని తెరల యంత్రాలకు అంకెలు మారవచ్చు గాని, తయారీలోనే ఎక్కువ ఖర్చు అనే మాట మారలేదు.

ఈ చరిత్ర అంతా ఇప్పుడు తవ్వడానికి కారణం ఉన్నది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు రక్షణ ముగిసింది. విండోస్ 11 ఎనిమిదవ తరానికి ముందరి ఇంటెల్ చిప్పులను అంగీకరించదు. టీపీఎం అనే భద్రతా భాగం కూడ రెండవ శ్రేణిదే ఉండాలంటుంది. కెనాలిస్ అనే పరిశోధక సంస్థ 2023లో వేసిన అంచనా ప్రకారం ఈ కారణంగా 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరవచ్చు. వీటిలో చాలావాటికి ఏ రోగమూ లేదు. ఓక్ రిడ్జ్ గదిలోని 133 యంత్రాల బలమంతా వీటిలో ఒక్కొక్కదానికి సుళువుగా ఉంటుంది. మన దేశంలో 2011 నాటి నిబంధనలు 2012 మే 1న అమలులోకి వచ్చిననాటినుండి ఈ-వ్యర్థాలకు ఒక చట్టపు చట్రం ఉన్నది. 2023 ఏప్రిల్ 1నుండి అమలైన కొత్త నిబంధనలు బాగుచేసి తిరిగి వాడకంలోకి తెచ్చేవారిని కూడ ఒక వర్గంగా గుర్తించి, నమోదు చేసుకోమన్నాయి. కాగితంమీద జీర్ణోద్ధరణకు స్థానం దొరికింది.

ఉచిత సాఫ్టువేరు కూడ శాశ్వతంగా మోస్తుందని అనుకోనక్కరలేదు. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 386 కంప్యూటరుమీద లినక్సును మొదలుపెట్టాడు. 2013లో వెలువడిన లినక్సు 3.8 ఆ 386నే వదిలివేసింది. తల్లిని మరచిన బిడ్డ అని నేననను, ఇరవై రెండేళ్లు మోయడం తక్కువేమీ కాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 పాత 32 బిట్ల కంప్యూటర్లలో కొత్తగా స్థాపించుకొనే వీలును తీసివేసింది. విండోస్ 10తో పుట్టిన యంత్రాలు దాదాపు అన్నీ 64 బిట్లవే కనుక వాటికి ఈ భయం ఇంకా చాలా ఏళ్లు లేదు.

అటువంటి యంత్రం మీ ఇంట ఉంటే తూకానికి వేయకముందు మూడు పనులు చేసి చూడండి. తిరిగే హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. వేగంలో కనబడే తేడా చాలావరకు దీనివల్లనే. ర్యామ్ 8 గిగాబైట్లకు పెంచండి. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల ఈ రెండూ వాడినవి సైతం దొరుకుతాయి. పిదప లినక్సు ఎక్కించండి. ఇంటర్‌నెట్ తప్ప మరేదీ అక్కరలేనివారికి గూగుల్‌వారు 2022లో తెచ్చిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ కూడ ఉన్నది. ఎవరికైనా ఇచ్చివేసేటట్లయితే మాత్రం మీ పాత డిస్కును మీదగ్గరే ఉంచుకోండి, లేదా దానిమీది రాతలను సమూలంగా తుడిపించండి. ఉత్త డిలీట్ కొడితే అవి పోవు.

మరొక చిన్న సంగతి. మదర్‌బోర్డుమీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. కొన్నేళ్లకు అది సన్నగిల్లితే, యంత్రం తెరవగానే ఏవో పొరపాటు సందేశాలు వస్తాయి, తేదీ పాతికేళ్లు వెనక్కు పోతుంది. బోర్డు పోయిందని భయపడి అమ్మివేసిన వారు నాకు తెలిసే నలుగురున్నారు. దాని పేరు సీఆర్ 2032. గడియారాలు బాగుచేసే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.